నీటికాసులకు (గ్లాకోమాకు) రాత్రి వేసే చుక్కలు: లాటానోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్, టాఫ్లూప్రోస్ట్‌లలో ఎవరికి ఏది?

అమ్మ మూడేళ్లుగా పడుకునే ముందు రెండు కళ్లలో ఒక్కో చుక్క లాటానోప్రోస్ట్ వేసుకుంటోంది. పోయిన వేసవిలో చెకప్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారు దాన్ని ఆపి ట్రావోప్రోస్ట్ రాశారు. ఆటో ఎక్కగానే అమ్మ అడిగింది: "ఇది దానికంటే పవర్ ఎక్కువా? నా కళ్లు ముదిరిపోయాయా?"

నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఈ నాలుగు మందుల్లో ఏది రిసెప్టర్‌కి, అంటే కణం మీద మందు వెళ్లి కూర్చునే ప్రొటీన్‌కి, ఎంత గట్టిగా అంటుకుంటుందో చూపించే పట్టికను బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. అయినా అమ్మ ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు లేదు. డాక్టర్ గారు మందు మార్చింది పవర్ కోసం కాదు. అమ్మ ఏడాదిలో ఐదారు నెలలు పల్నాడులో, రెంటచింతల దగ్గర మా పాత ఇంట్లో ఉంటుంది. మే నెలలో అక్కడి ఎండ సంగతి రాష్ట్రమంతా తెలిసిందే. ఆ ఇంటి ఫ్రిజ్ ఒకరోజు పనిచేస్తే రెండు రోజులు చేయదు. లాటానోప్రోస్ట్ సీసాలను మూత తీసేవరకూ ఫ్రిజ్‌లో ఉంచాలి, అమ్మేమో ఊరికి వెళ్తూ మూడు నెలల సీసాలు ఒకేసారి తీసుకెళ్తుంది. అందుకే మార్చారు.

ఈ చుక్కలు వాడే ఇళ్లలో చాలామందికి ఇదే అనుమానం వస్తుంది కాబట్టి నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను. చదివాక మీ అంతట మీరు మందు మార్చుకోకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏం చెప్పాలో, ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తే చాలు.

ముందుగా కంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. కంటి ముందుభాగంలో ఒక పల్చని నీరు నిరంతరం ఊరుతూ, నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. చెరువుతో పోల్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. చెరువు నీరు ఎక్కువగా తూము నుంచి పోతుంది, కొంత మాత్రం కట్ట మట్టిలోంచి ఊటగా జారిపోతుంది. కంటికీ అలాగే నల్లగుడ్డు అంచున జల్లెడలాంటి తూము ఒకటుంది, లోపలి సిలియరీ కండరం పోగుల మధ్య నుంచి ఊటదారి ఒకటుంది. మామూలు రకం నీటికాసుల్లో తూము మెల్లగా మొరాయిస్తుంది. నీరు నిలిచి లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి కంటి నరం నలుగుతుంది. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది కాబట్టి చాలాకాలం తెలియదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు హైదరాబాద్‌లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో ఈ జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతానికి పైగా మందికి అది ఉందన్న సంగతే తెలియదని తేలింది.

మన నాలుగు మందులూ ప్రధానంగా ఆ ఊటదారినే వెడల్పు చేస్తాయి. శరీరంలో సహజంగా తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2ఆల్ఫా అనే పదార్థానికి ఇవి దగ్గరి చుట్టాలు. అది కూర్చునే ప్రొటీన్ పేరు ఎఫ్‌పీ రిసెప్టర్. మందు వెళ్లి ఆ రిసెప్టర్‌లో కూర్చోగానే కణం లోపల కాల్షియం పెరుగుతుంది, కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి, కండరం పోగుల మధ్య కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములు తయారవుతాయి. కట్ట మట్టి గుల్లబారినట్టు ఊట పెరుగుతుంది. ఇది గంటలోనో రెండు గంటల్లోనో పూర్తయ్యే పని కాదు, అందుకే రోజుకు ఒక్క చుక్క చాలు. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. రోజుకు రెండుసార్లు వేస్తే ఒత్తిడి ఇంకా తగ్గదు సరికదా, ప్రభావం తగ్గే అవకాశం ఉందని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. "ఈ రోజు కళ్లు బరువుగా ఉన్నాయి, ఇంకో చుక్క వేద్దాం" అనుకోకూడదు.

అమ్మ అడిగిన 'పవర్' దగ్గరికి వద్దాం. రిసెప్టర్ గుంతలో ఆర్జినిన్ అనే ధనావేశపు అమైనో ఆమ్లం ఒకటుంది. మందు అణువుకు ఒక చివరన ఉండే ఆమ్లపు కొస దానికి అతుక్కుంటుంది. 2023లో క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ రిసెప్టర్ ఆకారాన్ని చూసినప్పుడు ఆ అమరిక కళ్లకు కట్టింది. చిక్కేమిటంటే ఆమ్లపు కొసతో ఉన్న అణువు కంటిపొరలోంచి లోపలికి దూరలేదు. అందుకే లాటానోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, టాఫ్లూప్రోస్ట్ మూడింటికీ ఆ కొసన ఐసోప్రొపైల్ ఈస్టర్ అనే తొడుగు వేశారు. కంటిపొరలోని ఎంజైములు దారిలోనే తొడుగు తీసేస్తాయి, అసలు మందు లోపల పుడుతుంది. బైమాటోప్రోస్ట్‌కి వేసిన తొడుగు వేరు, అది అమైడ్. నెమ్మదిగా తెగుతుంది. తెగాక మిగిలే అణువుకూ లాటానోప్రోస్ట్ అసలు రూపానికీ తేడా ఒకే ఒక్క డబుల్ బాండ్!

ఇలా విడుదలైన రూపాల్లో టాఫ్లూప్రోస్ట్‌ది ఎఫ్‌పీ రిసెప్టర్‌కి లాటానోప్రోస్ట్ కంటే 12 రెట్లు గట్టిగా అతుక్కుంటుందని జపాన్ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో కొలిచారు. ట్రావోప్రోస్ట్ కూడా బాగా గట్టిది. అలాంటప్పుడు టాఫ్లూప్రోస్ట్ ఒత్తిడిని 12 రెట్లు తగ్గించాలి కదా? తగ్గించదు. సీసాల మీద శాతాలు చూడండి. లాటానోప్రోస్ట్ 0.005, ట్రావోప్రోస్ట్ 0.004, టాఫ్లూప్రోస్ట్ 0.0015, బైమాటోప్రోస్ట్ 0.01 లేదా 0.03. గట్టిగా అతుక్కునే మందు తక్కువ మోతాదులో సరిపోయింది, అంతే. రిసెప్టర్లన్నీ పని అందుకున్నాక ఊటదారి తెరుచుకోవడానికి ఒక హద్దుంటుంది, ఏ మందైనా ఆ హద్దు దగ్గరే ఆగుతుంది. మందుల షాపులో ఎక్కువ శాతం రాసి ఉన్నది ఎక్కువ పవర్ అనుకుని 0.03 అడిగేవాళ్లను నేను చూశాను. ఆ అంకెకు అలాంటి అర్థం లేదు.

మనుషుల మీద పెట్టిన పోలికా ఇదే చెబుతుంది. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 400 మందికి పైగా రోగులను మూడు జట్లు చేసి లాటానోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్‌లను 12 వారాలు ఇచ్చారు. చివర్లో ఉదయం 8 గంటల ఒత్తిడి సగటున 8.6, 8.7, 8.0 మిల్లీమీటర్లు (పాదరస మట్టంలో) తగ్గింది. ఈ తేడాలు లెక్కలోకి వచ్చేవి కావు. ఎరుపు మాత్రం లెక్కలోకి వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయన్నవాళ్లు లాటానోప్రోస్ట్‌తో 47 శాతం, ట్రావోప్రోస్ట్‌తో 58, బైమాటోప్రోస్ట్ 0.03తో 69 శాతం దాకా ఉన్నారు. పవర్‌లో సరిసమానం కాబట్టి ఎంపిక మిగతా వాటిని బట్టి జరగాలి. నా దృష్టిలో ఆ మిగతావి నాలుగు: ఎరుపు, కంటి చుట్టూ మార్పులు, సీసాలోని ప్రిజర్వేటివ్, ఫ్రిజ్. ధర ఎలాగూ ఉంది.

ఎరుపు చాలామందికి మొదటి కొన్ని వారాల్లోనే సర్దుకుంటుంది. రాత్రి వేసుకోమనడానికి ఇది కూడా ఒక కారణం, నిద్రలోనే ఎరుపు కొంత తగ్గుతుంది. అయినా నలుగురిలో తిరిగే ఉద్యోగం, కౌంటర్‌లో కూర్చునే పని ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. "తాగి వచ్చావా" అనే మాట ఒక్కసారి పడితే చుక్కలు మానేస్తారు. అలాంటివాళ్లకు లాటానోప్రోస్ట్‌తో మొదలుపెట్టడం మేలు. బైమాటోప్రోస్ట్‌నే వాడాల్సి వస్తే 0.03 కాకుండా 0.01 రకం అడగాలి. ఎరుపు తక్కువ, ఒత్తిడి తగ్గించడంలో తేడా అర మిల్లీమీటరులోపే.

కంటి చుట్టూ వచ్చే మార్పుల గురించి మొదటిరోజే చెబితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. రెప్ప వెంట్రుకలు పొడుగ్గా, దట్టంగా, నల్లగా పెరుగుతాయి. ఈ ఒక్క గుణం కోసమే బైమాటోప్రోస్ట్‌ను అమెరికాలో 2008లో అందం మందుగా కూడా అనుమతించారు. కనుపాప రంగు ముదరడం విదేశీ వ్యాసాల్లో పెద్ద అంశం. మన కళ్లు ముందే ముదురు గోధుమ రంగు కాబట్టి అది పైకి పెద్దగా కనిపించదు. ఒకవేళ మారితే మాత్రం ఆ మార్పు పోదు. మనవాళ్లను ఎక్కువ బాధపెట్టేది కంటి చుట్టూ చర్మం నల్లబడటం. మందు ఆపాక నెలల్లో అది తగ్గుతుంది. చుక్క వేసుకున్న వెంటనే రెప్ప మీద ఒలికింది తుడిచేస్తే చాలావరకు రాకుండానే ఉంటుంది.

ఇంకొకటి అంత తేలికైనది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ కంటి చుట్టూ ఉన్న కొవ్వు కరిగి, పైరెప్ప మీద గుంట పడి, కన్ను లోపలికి పోయినట్టు కనిపించవచ్చు. ఇది నాలుగింటితోనూ రావచ్చు కానీ బైమాటోప్రోస్ట్‌తో ఎక్కువ, ట్రావోప్రోస్ట్ దాని తర్వాత. ఇది అందానికి సంబంధించిన బాధ మాత్రమే కాదు. రెప్ప బిగుసుకుపోతే ఒత్తిడి కొలవడం, ముందుముందు ఆపరేషన్ చేయడం కూడా కష్టమవుతుంది. ఒక్క కంటికే మందు పడుతున్నవాళ్లకు రెండు కళ్లూ వేర్వేరుగా కనిపిస్తాయి. ఒక కంటికే చుక్కలు, వయసు నలభైలోపు అయితే, బైమాటోప్రోస్ట్‌ను నేను మొదటి వరుసలో పెట్టను. చుక్కలు మొదలుపెట్టే ముందు ముఖం ఫొటో ఒకటి తీసి దాచుకోమని నా విద్యార్థులకు చెబుతుంటాను. మార్పు మెల్లగా వస్తుంది, రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకు తెలియదు.

ప్రిజర్వేటివ్ గురించి చాలామంది ఆలోచించరు. ఎక్కువ సీసాల్లో సూక్ష్మక్రిములు పెరగకుండా బెంజాల్కోనియమ్ క్లోరైడ్ కలుపుతారు. కంటి ఉపరితలానికి అది మంచిది కాదు. చుక్క ఒక్కటే అయితే చాలామంది తట్టుకుంటారు. కానీ కళ్లు పొడిబారే జబ్బు ఉన్నవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు, రోజుకు రెండు మూడు రకాల చుక్కలు వేసుకునేవాళ్లు మంట, ఇసుక పడ్డట్టు ఉండటం, నీరు కారడం అంటూ వస్తారు. అది మందు పడకపోవడం అనుకుని మందునే మార్చేస్తుంటారు, నిజానికి మార్చాల్సింది సీసా. టాఫ్లూప్రోస్ట్ ప్రత్యేకత ఇక్కడే ఉంది. ప్రిజర్వేటివ్ లేకుండా, ఒక్క పూటకు ఒక్కటి చొప్పున వాడి పారేసే చిన్న గొట్టాల్లో దాన్ని తయారుచేశారు. ట్రావోప్రోస్ట్‌లోనూ బెంజాల్కోనియమ్ లేని రకాలున్నాయి, ఇప్పుడు లాటానోప్రోస్ట్‌లోనూ వచ్చాయి. ఇంకో సంగతి చెప్పాలి: పైన నేను మెచ్చుకున్న బైమాటోప్రోస్ట్ 0.01 అసలు బ్రాండ్‌లో మందు తగ్గించినా బెంజాల్కోనియమ్‌ను 0.005 నుంచి 0.02 శాతానికి పెంచారు. కళ్లు పొడిబారే మనిషికి అది తెలియాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు వాటిని తీసి చుక్క వేసుకుని 15 నిమిషాలు ఆగి పెట్టుకోవాలి, లేకపోతే ఆ రసాయనం లెన్సులోకి ఇంకుతుంది.

ఫ్రిజ్ విషయానికొస్తే, మామూలు లాటానోప్రోస్ట్‌ను మూత తీయకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మూత తీశాక 25 డిగ్రీల లోపు ఆరు వారాల వరకూ బయట ఉంచవచ్చు. కొన్ని కంపెనీలు నాలుగు వారాలే రాస్తాయి, పెట్టె మీద ఏది ఉంటే అదే పాటించాలి. ట్రావోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్‌లకు ఫ్రిజ్ తప్పనిసరి కాదు, 2 నుంచి 25 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కానీ ఆ 25 ఇంగ్లండ్ గది వేడి, రామగుండం గది వేడి కాదు. ఏసీ లేని ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో వీటినీ ఫ్రిజ్‌లోనే పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. కారు డాష్‌బోర్డు మీద, బస్సు కిటికీ పక్కన బ్యాగులో వదలకండి. నేను ఒకసారి ఒక మందుల షాపులో లాటానోప్రోస్ట్ అడిగితే అద్దాల బీరువాలోంచి, ఎండ పడే అరలోంచి తీసిచ్చారు. తిరిగిచ్చేసి వచ్చాను. కొనేటప్పుడు సీసా చల్లగా ఉందో లేదో చేత్తో పట్టుకుని చూడండి. ఫ్రిజ్ అక్కర్లేని లాటానోప్రోస్ట్ రకాలు కూడా ఉన్నాయి, ఆ మాట పెట్టె మీద రాసి ఉంటుంది.

ధరలో లాటానోప్రోస్ట్‌దే పైచేయి. 1996లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు ఇది, పేటెంట్ ఎప్పుడో ముగిసింది, జెనరిక్‌లు చాలా ఉన్నాయి. మన దేశపు అత్యవసర మందుల జాబితాలో 2022లో చేర్చారు. జీవితాంతం వాడే మందుకు నెలనెలా అయ్యే ఖర్చు చిన్న విషయం కాదు. డబ్బు లేక రెండు నెలలకోసారి కొనే ఖరీదైన సీసా కంటే తప్పకుండా కొనగలిగే చౌక సీసా కంటికి ఎక్కువ మేలు చేస్తుంది. ఇది డాక్టర్‌తో చెప్పుకోవడానికి మొహమాటపడకండి.

ఈ చుక్కలు వద్దనో, ఆలోచించి వేయాలనో చెప్పాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లలో, ముఖ్యంగా ఆ సమయంలో లెన్సు వెనకపొర చిరిగినవాళ్లలో, రెటీనా మధ్యభాగంలో నీరు చేరి చూపు మసకబారవచ్చు. కంటిలోపల వాపు వచ్చినవాళ్లు, కంటికి హెర్పిస్ వచ్చినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. తూము కోణమే మూసుకుపోయే రకం నీటికాసులు మన దేశంలో తక్కువేమీ కాదు, దానికి ముందు లేజర్ లాంటి చికిత్స పడుతుంది. కాబట్టి ఆ కోణాన్ని చూసే గోనియోస్కోపీ అనే పరీక్ష చేశారా అని అడగండి. గర్భిణుల విషయం రిసెప్టర్‌తోనే ముడిపడి ఉంది. గర్భసంచి కండరంలోనూ ఇదే ఎఫ్‌పీ రిసెప్టర్ ఉంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే ఇచ్చే కార్బోప్రోస్ట్ ఈ కుటుంబంలోదే. ఆవులూ గేదెలూ ఎదకు రావడానికి పశువైద్యులు వేసే క్లోప్రోస్టెనాల్ కూడా ఇక్కడే పనిచేస్తుంది. కంటి చుక్కలో మోతాదు చాలా తక్కువే అయినా, గర్భం ఉన్నా, ప్లాన్ చేసుకుంటున్నా డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం ఈ నాలుగింటి గురించి ఒక మంచిమాట ఉంది. పాతకాలపు టిమోలాల్ చుక్కలు ఊపిరి బిగబట్టేలా చేస్తాయి, గుండె వేగాన్ని తగ్గిస్తాయి, ఉబ్బసం ఉంటే వాడకూడదు. ఈ నాలుగింటితో ఆ భయం దాదాపు లేదు. అయితే ఇదే కుటుంబపు మందును టిమోలాల్‌తో కలిపి ఒకే సీసాలో అమ్ముతారు, పేర్లు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. పేరు చివర 'టి' లాంటి అక్షరం తగిలించి ఉంటే లోపల ఏముందో చదవకుండా కొనకండి.

ఈ మధ్య వచ్చిన ఓమిడెనెపాగ్ గురించి కూడా అడుగుతుంటారు. జపాన్‌లో 2018లో, అమెరికాలో 2022లో అనుమతి పొందింది. అది ఎఫ్‌పీ మీద కాక, పక్కింటి రిసెప్టర్ అనదగ్గ ఈపీ2 మీద పనిచేస్తుంది. అందుకే రెప్పలు పెరగడం, చర్మం నల్లబడటం, కన్ను లోపలికి పోవడం లాంటి గొడవలు దానితో ఉండవు. రిసెప్టర్ మారితే దుష్ప్రభావాల జాబితా కూడా మారుతుందని ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ ఇంకోటి నాకు దొరకలేదు. కానీ శుక్లం తీసి లెన్సు వేసిన కంటికి జపాన్‌లో దాన్ని నిషేధించారు, రెటీనా వాపు వచ్చే ప్రమాదం ఉంది. టాఫ్లూప్రోస్ట్‌తో కలిపి వాడటాన్నీ అక్కడ నిషేధించారు.

ఆ మాటకొస్తే ఈ నాలుగింటిలో ఏ రెండింటినీ కలిపి వాడకూడదు. అమ్మలా మందు మారినప్పుడు ఇంట్లో మిగిలిన పాత సీసా పారేయడానికి మనసొప్పక "రెండూ వేద్దాం" అనుకునేవాళ్లున్నారు. రెండూ పోటీపడేది ఒకే రిసెప్టర్ కోసం, కలిపితే ఒత్తిడి పెరిగిన సందర్భాలున్నాయి.

ఇన్ని తూకాలు వేసి నన్నెవరైనా అడిగితే ఇలా చెబుతాను. కొత్తగా జబ్బు తేలి, వేరే ఇబ్బందులేమీ లేనివాళ్లకు లాటానోప్రోస్ట్. ఫ్రిజ్ నమ్మకం లేని చోట, ఊళ్లు తిరిగేవాళ్లకు ట్రావోప్రోస్ట్, అందులోనూ బెంజాల్కోనియమ్ లేనిది దొరికితే ఇంకా మంచిది. కళ్లు పొడిబారి మంటతో బాధపడేవాళ్లకు, డబ్బు సర్దుబాటు అయితే, ప్రిజర్వేటివ్ లేని టాఫ్లూప్రోస్ట్. బైమాటోప్రోస్ట్ రెండో వరుసలో ఉండాలి, లాటానోప్రోస్ట్‌తో ఒత్తిడి అనుకున్నంత దిగనివాళ్లలో కొందరికి ఇది పనిచేస్తుంది. చుక్కలంటేనే పడనివాళ్లు, రోజూ మర్చిపోయేవాళ్లు లేజర్ గురించి అడగవచ్చు. బ్రిటన్‌లో 718 మంది మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ముందు ఎస్ఎల్‌టీ అనే, తూము మీద వేసే లేజర్ చేయించుకున్నవాళ్లలో 74 శాతం మందికి మూడేళ్లపాటు చుక్కల అవసరమే రాలేదు.

ఏ సీసా అయినా వేసే పద్ధతి ఒక్కటే. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కాస్త లాగి అక్కడ ఒక్క చుక్క వేయాలి. రెండో చుక్క చెంప మీదికి జారిపోవడం తప్ప దానివల్ల ఉపయోగం లేదు. కళ్లు మూసి, ముక్కు వైపు కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. వేరే చుక్కలు ఉంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. ఒక రాత్రి మర్చిపోతే మరుసటి రాత్రి ఒక్కటే వేయాలి. సీసా మూత తీసిన తేదీని పెన్నుతో దాని మీదే రాయాలి.

మందు మార్చాక నాలుగు నుంచి ఆరు వారాల్లో ఒత్తిడి మళ్లీ చూపించుకోవాలి. చూపులో తేడా తెలియదు కాబట్టి మందు పనిచేస్తోందో లేదో చెప్పేది ఆ కొలతే. బ్రిటన్‌లో లాటానోప్రోస్ట్‌ను మందులేని చుక్కతో పోల్చి 2015లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్లలో చూపు పరిధి క్షీణించినవాళ్లు మందు వేసుకున్న జట్టులో 15.2 శాతం, వేసుకోని జట్టులో 25.6 శాతం. ఆ రెండేళ్లలో తేడా పరీక్షల్లో తెలిసిందే తప్ప రోగులకు రోజువారీ చూపులో పెద్దగా అనుభవానికి వచ్చి ఉండదు.

అమ్మకు ఆ రోజు ఆటోలో ఇంత చెప్పలేదు. "పవర్ ఒకటేనమ్మా, ఇది ఊళ్లో అంత తేలిగ్గా పాడవదు, అందుకే మార్చారు" అన్నాను. ఐదు వారాల తర్వాత కొలిస్తే ఒత్తిడి అంతకుముందు ఉన్నచోటే, 16 దగ్గర ఉంది.